ఆలంగీర్ రూపాయి ఎవరిది?

ఈ ఏటి సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయవలసిందని కార్యవర్గం వారు మమ్మల్ని కోరారు. చరిత్ర అనగానే బొబ్బిలి యుద్ధమో, పద్మనాభం యుద్ధమో వ్రాయమని మిత్రుల సలహా. వాటిని మాకంటే బాగా వ్రాయగలవారు ఈ రెండు జిల్లాల్లో చాలామంది ఉన్నారు. మేము మాత్రం మన ఇళ్ళలో బీరువా అడుగున, పాత బట్టల మడతల్లో పడివుండే ఒక చిన్న వస్తువును గురించి వ్రాయదలచుకున్నాము. అది ఫార్సీ అక్షరాల వెండి రూపాయి.

శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ మన పాత కుటుంబాల్లో కొన్నింటిలో ఈ రూపాయి ఇప్పటికీ ఉంది. ఇప్పటి నాణెం కంటే మందం, సుమారు ఒక తులం తూకం, రెండు వైపులా అక్షరాలే తప్ప బొమ్మ లేదు. దాదీమాలు దీన్ని గుడ్డలో మూటగట్టి దాస్తారు. "ఆలంగీర్ బాద్షా సిక్కా" అంటారు. ఆలంగీర్ అంటే ఔరంగజేబు గదా, కనుక ఇది ఔరంగజేబు నాటిది, మన బాద్షాహీకి మిగిలిన గుర్తు అని ఇంటిల్లిపాదీ నమ్మకం. పిల్లలకు జ్వరం వస్తే ఈ రూపాయి ముంచిన నీళ్ళు తాగించే ఇళ్ళూ లేకపోలేదు.

ఉర్దూ చదవగలిగిన వారెవరైనా ఆ అక్షరాలను కొంచెం ఓపికతో కూడబలుక్కోవచ్చు. మేము చూసిన వాటిలో ఎక్కువ భాగం మీద ఉన్న పేరు అజీజుద్దీన్ ముహమ్మద్ ఆలంగీర్. ఈయన రెండవ ఆలంగీర్. ఔరంగజేబు 1707లోనే చనిపోయాడు. ఈ అజీజుద్దీన్ 1754లో గద్దెనెక్కాడు. పేరుకు పాదుషా, అధికారం అంతా వజీరు ఇమాదుల్ ముల్క్‌ది. చివరకు ఆ వజీరే 1759 నవంబరులో ఈయన్ను చంపించాడు. నాణెం మీద హిజ్రీ 1172 అనీ, జులూస్ 6 అనీ, జరబ్ అర్కాట్ అనీ ఉంటుంది. జులూస్ 6 అంటే గద్దెనెక్కిన ఆరో ఏడు. జరబ్ అంటే కొట్టిన చోటు. వీటి మధ్య ఎక్కడో చిన్న తామరపువ్వు కనిపిస్తుంది.

ఆ తామరపువ్వే అసలు సంగతి చెబుతుంది. అది ఢిల్లీ వారి గుర్తు కాదు, ఆర్కాటు నవాబు గుర్తూ కాదు. మద్రాసులోని ఇంగ్లీషు కంపెనీ టంకసాల గుర్తు. నెలవంక గుర్తు ఉంటే అది పుదుచ్చేరిలో ఫ్రెంచివారు కొట్టినది. నెలవంక చూసి "ఇదిగో మనది" అని మురిసిపోయే వారికి ఈ మాట కొంచెం చేదుగా ఉంటుంది, ఏం చేస్తాం. ఫ్రెంచివారు 1736లో ఆర్కాటు నవాబు దోస్త్ అలీఖాన్ దగ్గర ఈ హక్కు సంపాదించారు. ఇంగ్లీషువారు 1742లో సంపాదించారు. ఆ పైన ఇద్దరూ పోటీపడి ఢిల్లీ పాదుషా పేరుతో, ఆర్కాటు ఊరిపేరుతో రూపాయలు కొట్టారు.

ఇంతకంటే వింత ఇంకోటుంది. 1807 నుండి మద్రాసు టంకసాలలో కొత్త యంత్రాలు పెట్టి కంపెనీ వారు రూపాయలు అచ్చు వేశారు. అప్పటికి అజీజుద్దీన్ చనిపోయి 48 ఏళ్ళు. అయినా ఆ యంత్రపు రూపాయిల మీదా హిజ్రీ 1172, జులూస్ 6 అనే వేశారు. ఆ తర్వాత చాలా ఏళ్ళూ అంతే. మొదట్లో కొన్ని రెండు రూపాయల నాణేలను స్పెయిన్ రాజుల డాలరు నాణేల మీదే తిరిగి అచ్చు కొట్టారు. అంటే అమెరికా ఖండపు గనుల వెండి, స్పెయిన్ రాజు తల, దాని మీద ఢిల్లీలో హత్యకు గురైన పాదుషా పేరు, కొట్టిన చేయి లండను వర్తకులది. ఇలాంటి నాణేలు కొన్నింటి మీద పరిశీలనగా చూస్తే ఫార్సీ అక్షరాల అడుగున స్పెయిన్ రాజు ముద్ర ఆనవాళ్ళు ఇప్పటికీ కనబడతాయి.

చనిపోయిన వాడి పేరు ఎందుకు? కంపెనీవారికి మొగలాయీల మీద భక్తా? భక్తి కాదు, బజారు. ఆ రోజుల్లో నాణేన్ని చూసి ఇది ఎంతకు చెల్లుతుందో చెప్పేవాడు షరాబు. ఈ మాట అరబ్బీ సర్రాఫ్ నుండి తెలుగులోకి వచ్చింది. షరాబు నాణెం మీద ఊరి పేరు చూస్తాడు, ఏడు చూస్తాడు, గుర్తు చూస్తాడు, అరిగిందేమో చూస్తాడు, చప్పుడు వింటాడు. అలవాటైన ముద్ర అయితే పూర్తి విలువకు తీసుకుంటాడు. కొత్త ముద్రకు గానీ పాత ఏటి నాణేనికి గానీ వట్టం కోస్తాడు. బెంగాలులో పాదుషా ఏలుబడి ఏడు మారినప్పుడల్లా వెనుకటి ఏళ్ళ రూపాయలకు వట్టం పెరిగేది. ఆ గొడవ పడలేక కంపెనీవారు అక్కడ షా ఆలం పాదుషా 19వ ఏటిని అట్లాగే నిలిపివేసి, 1835 వరకు అదే 19 వేస్తూ వచ్చారు. గడియారాన్ని ఆపినట్టు నాణెం మీద కాలాన్ని ఆపారు. మద్రాసులో 6 ఆగింది, బెంగాలులో 19 ఆగింది.

కనుక ఆ రూపాయి మీది ఫార్సీ మన బాద్షాహీ బతికివుందనడానికి సాక్ష్యం కాదు. ఆ ముద్రకు బజారులో ఉన్న పరపతిని ఇంకొకరు వాడుకున్నారనడానికి సాక్ష్యం.

మన ఉత్తర సర్కారుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన శ్రీకాకుళం పేరుతోనూ ఒకప్పుడు నాణేలు వచ్చాయి. 1687లో గోల్కొండ పడిపోయిన తర్వాత ఔరంగజేబు పేర కొట్టిన రాగి నాణేల్లో "జరబ్ సీకాకుల్" అని ఉన్నవి ఉన్నాయి. నిజంగా ఆలంగీరు కాలపు నాణెం కావాలన్న వారు వెండి రూపాయిని వదిలి ఈ మొరటు రాగి ముక్కను వెతుక్కోవాలి. దానిని మాత్రం ఎవరూ గుడ్డలో మూట కట్టరు.

ఫ్రెంచివారి చేతి నుండి మచిలీపట్నం 1759లో ఇంగ్లీషువారికి వచ్చింది. 1765లో షా ఆలం ఫర్మానా, 1766లో నిజాముతో ఒడంబడికతో సర్కారులు కంపెనీకి చిక్కాయి. ఆ తరువాత మన ప్రాంతానికని ప్రత్యేకంగా ఇంగ్లండులో బర్మింగ్‌హాం దగ్గర సోహో టంకసాలలో, మాథ్యూ బోల్టన్ ఆవిరి యంత్రాల మీద, రాగి నాణేలు కొట్టి ఓడల్లో పంపారు. వాటి మీద 1794 అని ఉంటుంది. రూపాయికి 48 అని ఇంగ్లీషులో ఉంటుంది. కంపెనీ చిహ్నం, సరుకు మూటల మీద వేసుకునే గుర్తు, కొంత లాటిను. ఫార్సీ లేదు, తెలుగు లేదు. 1794 అంటే మన పాఠకులకు వేరే చెప్పనక్కర లేదు. ఆ సంవత్సరం జూలై 10వ తేదీనే పద్మనాభంలో చినవిజయరామరాజు కంపెనీ సైన్యం చేతిలో కూలిపోయాడు. ఎరువు ముద్ర ఏదీ లేకుండా కంపెనీ తన సొంత ముఖంతో మన సంతల్లోకి దిగడానికి అచ్చు వేసుకున్న ఏడూ అదే కావడం మాకు ఎప్పుడూ విచిత్రంగా తోస్తుంది.

కాని ఆ సొంత ముఖంతోనే నిలవలేదు. 1803లో అదే సోహో నుండి మద్రాసుకు వచ్చిన రాగి కాసుల మీద ఒకవైపు కంపెనీ చిహ్నం ఉంటే, రెండోవైపు "ఇరవై కాసులు నాలుగు ఫలూసులు" అని ఫార్సీలో వేశారు. 1808 నాటి ఇటువంటి కాసులను పీపాల్లో మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డనర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకముందే ఇసుకదిబ్బల మీద పడి మునిగింది. 1980ల్లో గజ ఈతగాళ్ళు లక్షల కొద్దీ నాణేలు పైకి తీశారు. మద్రాసు సంతలో కూరగాయలకు చెల్లవలసిన కాసులు ఇప్పుడు ఇంగ్లండులో సరదాగా కొనుక్కునే వస్తువులయ్యాయి.

ఇక మా దృష్టిలో అన్నిటికన్నా చూడదగిన నాణెం 1808 నుండి మద్రాసులో వేసిన అర వరహా వెండి నాణెం. ఒకవైపు గుడి గోపురం, అటూ ఇటూ నక్షత్రాలు, చుట్టూ ఇంగ్లీషులో అర పగోడా అనీ, ఫార్సీలో నీమ్ హూన్ ఫూలీ అనీ. రెండో వైపు తామరలో నుండి లేచిన విష్ణుమూర్తి, చుట్టూ చుక్కలు, ఆ చుట్టూ అరవంలోనూ తెలుగులోనూ అర పూవరహా అనే మాట. ఫూలీ అన్నా పూ అన్నా ఒకటే, వరహా మీద ఉండే నక్షత్రం జనం కంటికి పువ్వులా కనిపించింది. నాలుగు భాషలు, గోపురం, దేవుడు, అన్నీ ఒక్క అరచేతిలో. దీన్ని కొట్టించినవారు హిందువులు కారు, ముస్లిములు కారు, తెలుగువారు కారు, అరవలు కారు. ఇది చెలామణి కావాలి, అంతే వారి కోరిక. తహసీలు కచ్చేరీలో ఫార్సీ చదివేవాడు, సంతలో తెలుగు వర్తకుడు, అరవ కూలీ, దొరగారి గుమాస్తా, నలుగురూ చదువుకుని నమ్మాలి. రెండు శతాబ్దాల క్రితం ఇంగ్లీషు కంపెనీ వేసిన నాణెం మీద మన తెలుగు అక్షరాలు ఉన్నాయని మా తరగతిలో చెబితే పిల్లలు మొదట నమ్మరు.

ఆ విష్ణుమూర్తి బొమ్మా ఎరువే. విజయనగర రాజుల వరహాల మీద దేవతామూర్తులు ఉండేవి. మద్రాసు కోటకు స్థలమిచ్చిన దామెర్ల వేంకటాద్రి నాయకుడు 1639లో ఇచ్చిన హక్కుల్లో నాణేలు కొట్టుకునే హక్కూ ఉంది. కంపెనీవారు ఆ దేవుడి బొమ్మనే పట్టుకున్నారు. 1692లో మొగలు శహజాదా కామ్ బఖ్ష్ దగ్గర పాదుషా పేర రూపాయి కొట్టే అనుమతి కూడా పుచ్చుకున్నారు. బంగారానికి దేవుడు, వెండికి పాదుషా. ఏ అంగడికి ఆ ముసుగు.

ఈ పని ఇంగ్లీషువారొక్కరే చేశారనుకోరాదు. గోల్కొండ కుతుబ్‌షాహీలు బంగారు నాణెం తమ పేర వేయలేదు. హొన్నులు, వరహాలతోనే లెక్క నడిపారు. 1636లో షాజహానుకు ఏటా కట్టడానికి ఒప్పుకున్న కప్పం రెండు లక్షల హొన్నులు. మన శ్రీకాకుళం జామియా మసీదు 1641లో షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించాడు గదా. అంటే ఆ మసీదు గోడలు లేస్తున్న రోజుల్లో గోల్కొండ రాజ్యంలో పెద్ద లెక్కలన్నీ దేవుళ్ళ బొమ్మలున్న బంగారంతోనే జరిగేవి. దాని వల్ల ఎవరి ఈమాన్‌కూ లోటు రాలేదు. మైసూరు హైదర్ అలీ 1763లో బెదనూరు పట్టుకున్న తర్వాత అక్కడి వరహా మీది శివపార్వతుల బొమ్మను తీసివేయలేదు. వెనుక వైపు తన పేరులోని మొదటి అక్షరం "హే" మాత్రం వేసుకున్నాడు. ఇంకా వెనక్కి పోతే ముహమ్మద్ ఘోరీ బంగారు నాణేల మీద కూర్చున్న లక్ష్మి ఉంది, అతని పేరు నాగరి లిపిలో ఉంది. మహమూద్ గజనవీ 1028 ప్రాంతంలో లాహోరులో వేసిన వెండి దిర్హంల మీద కలిమా అర్థాన్ని సంస్కృతంలోకి మార్చి వ్రాయించాడు. విగ్రహాలు పగులగొట్టినవాడని ఒకరు తిట్టడానికి, ఇంకొకరు పొగడడానికి వాడే ఆ మహమూదే. నాణెం దగ్గరకు వచ్చేసరికి అతనికీ బజారు కావలసి వచ్చింది.

మన దేశానికే ఇది ప్రత్యేకమా అంటే అదీ కాదు. దాదాపు అదే కాలంలో ఇటలీలో ఏం జరిగిందో చూడండి. సిసిలీ ద్వీపంలో ముస్లిముల పాలన ఉన్నప్పుడు పావు దీనారు బంగారు నాణెం ఒకటి చెలామణిలో ఉండేది. దానినే అక్కడివారు తరీ అన్నారు. అరబ్బీలో తరీ అంటే తాజా అని అర్థం, టంకసాల నుండి కొత్తగా వచ్చినదన్నమాట. దక్షిణ ఇటలీలో అమాల్ఫీ, సలెర్నో అనే క్రైస్తవ పట్టణాలు 11వ శతాబ్దంలో ఆ తరీని చూసి తమ తరీలు కొట్టుకున్నాయి, అరబ్బీ అక్షరాలతో సహా. ఆ అచ్చు చెక్కేవారికి అరబ్బీ రాదు కనుక పోను పోను అక్షరాలు గీతలుగా మారిపోయాయి. తరీని మాత్రం జనం తీసుకుంటూనే ఉన్నారు.

తరువాత సిసిలీని గెలిచిన నార్మన్లు క్రైస్తవులే. 1130లో రాజైన రెండవ రోజర్ తన తరీల మీద అరబ్బీలోనే బిరుదు వేయించుకున్నాడు: అల్ ముఅతజ్ బిల్లాహ్, అల్లాహ్ వలన గౌరవం పొందినవాడు అని. వెనక వైపు సిలువ. ప్రపంచ పటం తయారుచేసిన అల్ ఇద్రీసీ పనిచేసింది ఈయన దర్బారులోనే.

పాలస్తీనాలో మనవారితో యుద్ధం చేస్తున్న క్రూసేడర్లు సైతం అక్కా నగరంలో అరబ్బీ దీనార్లకు నకళ్ళు కొట్టారు. వాటి మీద కలిమా కూడా ఉండేది. 1250లో అక్కడికి వచ్చిన పోపు ప్రతినిధి ఇది చూసి నిర్ఘాంతపోయి అభ్యంతరం పెట్టాడు. 1251 నుండి ఏం చేశారు? లిపి మార్చలేదు. మాటలు మాత్రం మార్చారు. క్రైస్తవ విశ్వాస వాక్యాలను అరబ్బీ లిపిలోనే వేసి, మధ్యన చిన్న సిలువ పెట్టారు. దూరం నుండి చూసినవాడికి పాత నాణెంలాగే ఉండాలి గదా!

వెనీసు వారు ఇంకో దిక్కు చూశారు. 1192 నుండి 1205 వరకు అక్కడ దొరగా ఉన్న ఎన్రికో దండోలో కాలంలో మొదలైన వెండి గ్రోస్సో మీద సింహాసనం మీది ఏసు బొమ్మ కాన్‌స్టాంటినోపుల్ నాణేల నుండి తెచ్చుకున్నది. 1284లో మొదలైన వారి బంగారు డుకాటు మూడున్నర గ్రాములు. 1797 దాకా, వెనీసు రాజ్యం పోయేదాకా, అదే బొమ్మ. అప్పుడు నకలు చేయడం తిరగబడింది. ఈజిప్టు సుల్తాను బర్స్‌బాయ్ 1425లో వేసిన అష్రఫీ డుకాటు తూకానికే వేశాడు. ఆ డుకాట్లు దక్షిణ భారతానికీ వచ్చాయి. దొర మోకరిల్లి జెండాకర్ర పట్టుకున్న బొమ్మ కేరళ వారికి తాటిచెట్టు ఎక్కుతున్న శాణారులా కనిపించి శాణారు కాసు అన్నారు. మరాఠీ దేశంలో పుతలీ అని హారాలు గుచ్చుకున్నారు.

ఇక్కడ ఆడవారికి ఒక మాట. టంకసాలకు అరబ్బీలో సిక్కాతో కలిసిన పేరు ఉంది. ఇటలీవారు ఆ సిక్కాను జెక్కా అన్నారు. జెక్కాలో కొట్టిన డుకాటును జెక్కీనో అన్నారు. అదే ఫ్రెంచి, ఇంగ్లీషుల్లో సీక్విన్ అయ్యింది. నిఖా దుపట్టాల మీద దర్జీ కుట్టే ఆ మెరిసే సీక్విన్సు మన సిక్కాయే, ఇటలీ చుట్టి వచ్చింది.

ఇదంతా చూసి అందరూ మన ముద్రలు ఎరువు తెచ్చుకున్నారని గొప్పలు పోవద్దు. దీనార్ అనే మాట రోము దెనారియస్ నుండి, దిర్హం గ్రీకు ద్రఖ్మా నుండి, ఫలూస్ రోమన్ ఫోల్లిస్ నుండి వచ్చాయి. ఇస్లాం మొదటి దశాబ్దాలలో అరబ్బులు ఇరాను పాదుషా తల, అగ్నిగుండం ఉన్న వెండి నాణేలను అలాగే కొట్టి, అంచున బిస్మిల్లాహ్ మాత్రం చేర్చారు. రోమను బంగారు నాణేన్ని నకలు చేసి మెట్ల మీది సిలువ అడ్డుకర్రను తీసేసి ఉత్త కంబంగా మార్చారు. ఖలీఫా అబ్దుల్ మలిక్ హిజ్రీ 77లో, అంటే 696, 697 ప్రాంతంలో, బొమ్మలు తీసి అక్షరాలు మాత్రమే ఉన్న దీనారు తెచ్చేవరకూ ఇదే పద్ధతి. తరువాత ఇంగ్లండులోని మెర్సియా రాజు ఆఫా ఆ అక్షరాల దీనారునే నకలు చేసి తన పేరును తలకిందులుగా ఇరికించాడు. అది ఇప్పుడు లండను బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

ఇన్ని ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఈ మధ్య నాణేలు చూపించి తగువులాడే అలవాటు ఎక్కువైంది. ఫార్సీ అక్షరం కనిపిస్తే ఇదిగో తురకల పాలన అని ఒకరు లెక్కపెడతారు. విష్ణువు కనిపిస్తే ఇదిగో హిందూ రాజు అని ఇంకొకరు. మనవాళ్ళూ తక్కువ తినలేదు, ఆలంగీర్ రూపాయి చూపించి ఇది మా తాతల రాజ్యం అంటారు. ఆ ఫార్సీ రూపాయి, ఆ విష్ణు వరహా, రెండూ ఒకే మద్రాసు టంకసాలలో, ఒకే యజమాని కింద, ఒకే సంవత్సరాల్లో వచ్చాయని తెలిసినవాడు ఆ తగువులో ఏ పక్షాన కూర్చోగలడు?

దీనికంటే ఇంటికి తగిలే నష్టం ఒకటుంది. కంపెనీ కాలపు రాగి నాణెం బియ్యపు గింజలను లాగుతుందని, దానిలో ఇరిడియం ఉందని, విదేశాలవాళ్ళు కోట్లు ఇస్తారని చెప్పి డబ్బు గుంజే ముఠాల గురించి పేపర్లలో ఏళ్ళ తరబడి చదువుతూనే ఉన్నాం. రైస్ పుల్లింగ్ అంటారు. బియ్యంలో ఇనుప రజను కలిపి, నాణెం కింద అయస్కాంతం దాచి చూపించే గారడీ ఇది. రాగి దేనినీ లాగదు. వాళ్ళు చూపించే నాణేల మీద రాముడో హనుమంతుడో ఉండి, ఈస్టిండియా కంపెనీ, అర అణా, 1818 అని ఉంటుంది. కంపెనీ అటువంటి నాణెం ఎన్నడూ వేయలేదు. 1616 అని ఉన్నవీ అంతే. మద్రాసు కంపెనీ నిజంగానే దేవుడి బొమ్మతో నాణెం వేసింది గనుక ఈ అబద్ధం నమ్మడం జనానికి తేలికయ్యింది. ఇంటి పత్రాలు కుదువ పెట్టి ఇటువంటి వారికి అడ్వాన్సు ఇచ్చినవారున్నారు. దయచేసి ఇవ్వకండి.

ఇంటి రూపాయి ఏదో తెలుసుకోవాలంటే ముందు 1172, ఆ తర్వాత 6 వెతకండి. ఉర్దూ అంకెలు పిల్లలకు వచ్చు. తామర ఉంటే మద్రాసు, నెలవంక ఉంటే పుదుచ్చేరి. 1835 తరువాత కంపెనీ రూపాయి మీద విలియం రాజు తల వచ్చింది. అయినా "యక్ రూపియా" అనే ఫార్సీ మాట పోలేదు. ఐదవ జార్జి నికెలు అణాల మీద ఫార్సీతో పాటు తెలుగు అక్షరాలు ఉంటాయి, అద్దం పెట్టి చూడండి. కరిగించవద్దు, వెండి ధర ఎంత పెరిగినా. మెరుపు కోసం చింతపండుతో తోమవద్దు, అక్షరాలే పోతాయి. పునాది తవ్వినప్పుడు దొరికితే దాచవద్దు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిక్షేపం కలెక్టరుకు తెలియజేయాలి. తహసీల్దారు ఆఫీసులో అర్జీ ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.